వంత లేని కథ

పోలినాయుడు తాను కట్టిన కథ మొదటిసారి వినిపించినప్పుడు సంతపాకలో రెండొందలమంది కూర్చున్నారు. అయ్యేసరికి మిగిలింది మైకుసెట్టు ఆయన ఒక్కడే. వైర్లు తనవి కాబట్టి పాపం కదల్లేకపోయాడు.

కథ చెడ్డది కాదు. కొండమీది నలభై గడపల ఊరు నీళ్ళు దొరక్క కిందికి దిగిపోతే, బంగారమ్మ అనే ముసలామె ఒక్కతే అక్కడ ఉండిపోయింది. పోలినాయుడు ఆమె సంగతే, పాట లేకుండా ఉత్త మాటలతో చెప్పాడు. చంకలో జముకు పెట్టుకుని తీగె లాగితే ఆ తోలుగిన్నె మూలుగుతుంది. ఆ మూలుగును యంత్రంలో పట్టి, పొరమీద పొర వేసి, గుహలోంచి వచ్చినట్టు వదిలాడు. ఊపిరి తీసుకునే సందైనా లేకుండా గంటసేపు మోగించాడు.

వచ్చే నెల మళ్ళీ అదే పాకలో చెప్పాలి. ఈసారీ జనం లేచిపోతే జముకును అటకెక్కించేస్తానని గురువు తవిటయ్య దగ్గరికొచ్చి చెప్పేశాడు. పదేళ్ళు నేర్చిన విద్య. 

తవిటయ్య నలభై ఏళ్ళు జముకుల కథలు చెప్పినవాడు. కథంతా చెప్పించుకుని విన్నాడు. బాగుందనలేదు, బాగులేదనలేదు.

“వంతనెందుకు తీసీసినావు?” అన్నాడు.

కథకుడి పక్కన వంత నిలబడి మాటమాటకీ ఊఁ కొట్టడం తాతలనాటి పద్ధతి. దాన్ని తీసెయ్యడమే తన ఘనకార్యమని పోలినాయుడి నమ్మకం.

“ఒంటిమనిసి కత గురువుగారూ. దానికి ఊఁ కొట్టీవోడెందుకు?”

తవిటయ్య లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఉప్పుపొట్లం ఒకటి చేతపట్టి కొండదారి పట్టాడు. శిష్యుడు వెనకే నడిచాడు. బంగారమ్మ గురించి వినడమే గాని అతను ఆ కొండ ఏనాడూ ఎక్కలేదు.

ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వీళ్ళను చూడలేదు. తనలో తాను మాట్లాడుకుంటోంది.

“మేక కుంటతంది. ఊఁ. కాలికి పసుపెట్టినాను. ఊఁ. రేపటికి తగ్గిపోతాది. ఊఁ.”

ఊఁ దగ్గర గొంతు లావు చేస్తోంది. పోయిన పెనిమిటి గొంతు కాబోలు. ప్రతి ఊఁకీ ముందు కాసేపు ఆగుతోంది. ఎవరైనా అంటారేమోనని చూసి, ఎవరూ అనకపోతే అప్పుడు తనే అనుకుంటోంది. పోలినాయుడికి సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి.

తవిటయ్య పిలిస్తే ఆమె ముఖం విప్పారింది. ఉప్పు తీసుకుని ఇద్దరికీ అంబలి పోసింది. అంబలి తాగి ఇద్దరూ కొండ దిగారు. శిష్యుడికి ఇక అడగవలసిందేమీ కనబడలేదు.

సంతపాకలో మళ్ళీ కథ చెప్పాల్సిన సాయంత్రం రానే వచ్చింది. పోలినాయుడు యంత్రంలో ఒక్క మూలుగే ఉంచాడు, మిగతా పొరలన్నీ తీసేశాడు. “మేక కుంటతంది” అని చెప్పి, ఆ మూలుగునూ ఆపి, తీగెమీంచి చెయ్యి తీసేశాడు. అలాగే నిలబడ్డాడు.

ఎవరో దగ్గారు. వెనక ఇద్దరు చెప్పులు వెతుక్కున్నారు.  పోలినాయుడు ముందు వరసలో ఉన్న గురువు వంక దీనంగా చూశాడు. ఆయన ఒక్క ఊఁ అంటే గండం గడుస్తుంది. తవిటయ్య వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని పెదాలు మూసేశాడు.

పోలినాయుడు ఇంకా ఆగే ఉన్నాడు.

స్తంభం పక్కన బెండకాయల బుట్టతో కూర్చున్న ఒకామె, “ఊఁ” అంది.

“కాలికి పసుపెట్టినాను.”

ఈసారి పదిమంది అన్నారు. మూడో మాటకి పాకంతా అంది. రెండొందల గొంతులకు పైన రేకులు అదిరాయి. చెప్పులు వెతుక్కున్నవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మైకుసెట్టు ఆయన వైర్ల సంగతి మరిచి అందరికన్నా గట్టిగా ఊఁ కొట్టాడు. పోలినాయుడు ఏడుస్తూనే, నవ్వుతూనే కథ చివరిదాకా చెప్పాడు. ఆ ఊఁలు కొండమీదికి వినబడే ఉంటాయని ఆ సంత ఊరివాళ్ళు ఇప్పటికీ అంటారు.

కథ అయ్యాక జనం అతన్ని ఒక పట్టాన వదల్లేదు. బెండకాయల ఆమె మటుకు, కథలో ఉప్పుపొట్లం సంగతి విన్నదేమో, కొండమీదికి ఈసారి అది తాను పట్టుకెళ్తానని చెప్పిపోయింది. అందరూ వెళ్ళాక పోలినాయుడు గురువు కాళ్ళకు మొక్కి, కాస్త నిష్ఠూరంగానే అడిగాడు.

“ఆ మొదటి ఊఁ మీరే కొట్టుంటే నా పేనం కుదుటపడీది గదా గురువుగారూ?”

తవిటయ్య అప్పుడు చుట్ట వెలిగించాడు.

“నాను కొట్టీస్తే ఆల్లకేటి మిగుల్తాది?”