చింతగింజ ఏ కుండలో పడింది?

పూర్వం ఒక రాజ్యంలో ఊరిపెద్దను జనమే ఎన్నుకునేవారు. తెర చాటున రెండు కుండలు పెడితే, నచ్చినవాడి కుండలో తలా ఒక చింతగింజ వేసేవారు. తెరలోకి తొంగిచూసినవాడు పెత్తనానికి పనికిరాడని రాజశాసనం.

ఆ ఏడు, ఊరబావిలో నీళ్లు అందరూ తోడుకోవాలన్న సాలె నాగన్న వైపు సగం ఊరు మొగ్గింది. పాతపెద్ద భూపతయ్య చావుతప్పి గట్టెక్కాడు. పెత్తనం అప్పగించడానికి వచ్చిన రాజోద్యోగి ఎదుటే, కోపంతో జనంలోకి దిగి నేరుగా మంత్రసాని గవరమ్మ ముందు ఆగాడు.

“ఊరి స్థలంలో గుడిసె వేసుకుని ఆ నాగన్నకు వేస్తావుటే? రేపే ఖాళీ చెయ్యి!”

ఇంతమందిలో తననే ఎలా పట్టాడో గవరమ్మకు అర్థమైంది. గుడిసె పోతే తల్లిలేని మనవరాలితో ఎక్కడికి పోవాలి?

“తమకే వేశాను, దొరా.”

“అబద్ధం! ఎడమ కుండలో వేశావు. ఈ కళ్లతో చూశాను!”

గవరమ్మ రాజోద్యోగికి దణ్ణం పెట్టింది.

“నేను అబద్ధమాడాను, బాబయ్యా. ఏ శిక్షైనా వెయ్యండి. దొరగారు మాత్రం నిజమే చెప్పారు.”

భూపతయ్యకు ఇవ్వబోయిన పెత్తనపు కర్రను రాజోద్యోగి నాగన్న చేతిలో పెట్టాడు.