ఇసుక సన్నెమ్మ అడిగిన మూడు మాటలు

అన్యాయం జరిగింది బుట్టలల్లే మేదరి గురవయ్య కూతురు నాంచారికి. ఎప్పుడంటారా? కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఒకానొక భాద్రపద మాసంలో. ఆడపిల్లకి బడేమిటని మనసులో అనుకున్నవాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లొచ్చు. ఈ కథ వాళ్లకి ఎక్కదు.

ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక వీధిబడి. బడికి పంతులు వీరభద్రయ్య. బడికి ఇసుక మోసేది సన్నెమ్మ.

తెల్లవారకముందే ఏటికి పోయేది. తట్టనిండా ఇసుక తెచ్చేది. రాయీ రప్పా లేకుండా జల్లించి బడిలో పరిచేది. పిల్లలు ఆ ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు. ఊరందరి అక్షరాలకీ పక్క పరిచింది గాని, ఆమెకి ఒక్క అక్షరం నేర్పుదామన్న పాపాన పోయినవాడు లేడు.

నోరు మాత్రం గట్టిది. ఊరి కరణాన్నైనా వీధిలో నిలబెట్టి కడిగేసేది. పిల్లల దగ్గర మాత్రం ఆ నోరు మూసుకుని చెవులు తెరిచేది.

ఆ బడికి ఒక ఆచారం. పొద్దున అందరికన్నా ముందొచ్చినవాళ్ల అరచేతిలో పంతులు వేలితో ‘శ్రీ’ రాస్తాడు. రెండోవాళ్లకి చుక్క పెడతాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకి బెత్తం. ఎంత వెనకొస్తే అన్ని దెబ్బలు. శ్రీ రాయించుకున్నవాళ్లు లేచి నిలబడి ఆనాటి మాసం, తిథి, వారం బిగ్గరగా చెప్పాలి. ఆ మాట మీదే బడి మొదలు.

శ్రావణమంతా శ్రీ నాంచారిదే. శ్రావణం పోయింది, భాద్రపదం వచ్చింది. వచ్చి తిన్నగా పిల్ల గొంతులో కూర్చుంది.

“భ... భ... భ...”

మాట లోపలుంది. బయటికి రాదు. బడంతా గొల్లుమంది. పంతులు కూడా నవ్వాడు. అదీ అన్యాయం.

మర్నాటి నుంచి అందరికన్నా ఆఖరున వచ్చేది నాంచారి. దెబ్బలన్నీ నాంచారికే.

“బద్ధకం బలిసింది దీనికి!” అన్నాడు పంతులు. “బహుళ పంచమి నాటికి అందరికన్నా ముందు రాకపోతే పలక లాక్కుంటా. పోయి మీ అయ్యతో బుట్టలల్లుకో.”

పలక పోతే నాంచారికి ప్రాణం పోయినట్టే. చదువంటే అంత పిచ్చి. అయినా ఆఖరునే వచ్చేది.

ఒకనాడు సన్నెమ్మ తట్ట దించి చూసింది. రాత్రి వాన పడింది. ఆ తడి మట్టిలో చిన్న చిన్న అడుగులు. గోడ వెనక్కి పోయాయి. తొంగి చూస్తే మోకాళ్లు ముడుచుకుని నాంచారి! కాకులు కూడా లేవని వేళ. అందరూ లోపలికి పోయేదాకా అక్కడే దాక్కుని, ఆఖరున వెళ్లి చెయ్యి చాపుతోందన్నమాట. బద్ధకపు పిల్లట!

సన్నెమ్మ అరవలేదు. పక్కన చతికిలబడి అడిగింది.

“తిన్నావా అమ్మా?”

పిల్ల తల ఊపింది. అంతే. ఆ రోజుకి అదే చాలనుకుంది సన్నెమ్మ.

రెండో పొద్దున అడిగింది. “తిన్నావా అమ్మా? నిద్ర పట్టిందా?”

“లేదవ్వా.”

మూడో పొద్దున అడిగింది. “తిన్నావా అమ్మా? నిద్ర పట్టిందా? నిన్నెవరైనా ఏమన్నా అన్నారా?”

పిల్ల బావురుమంది. “అందరూ నవ్వారవ్వా. పంతులుగారు కూడా. అది... భ... భ...” అని రెండు చేతులా నోరు మూసుకుంది. దెబ్బలకి చెయ్యి చాపగలదు. ఆ నవ్వుకి మొహం చాపలేదు.

ధైర్యం తెచ్చుకోమని చెప్పలేదు సన్నెమ్మ. ధైర్యమేమన్నా ఉట్టి మీద ఉందా తెచ్చుకోడానికి? జల్లెడ చేతికిచ్చింది. “మీ అయ్య అల్లిందే. నాకు నడుం నొప్పి, కాస్త జల్లించి పెట్టు” అంది.

జల్లు జల్లు. జల్లు జల్లు. సన్నెమ్మ ఆ ఊపు మీద ఏదో కూనిరాగం తీసింది. పిల్ల కూడా అందుకుంది. రాగంలోకి ఒక మాట వచ్చింది. ఇంకో మాట వచ్చింది. పాడుతుంటే ఒక్కటీ ఆగలేదు. సన్నెమ్మ విననట్టే కూర్చుని రోజూ ఆ పిల్ల చేతే జల్లింపించింది.

పంచమి వచ్చింది. ఆ పొద్దున అందరికన్నా ముందు నాంచారి. పంతులు ఎగాదిగా చూసి శ్రీ రాశాడు.

“ఊఁ, చెప్పు.”

“భ... భ... భ...”

“భభ్భభ్భా!” వెనక నుంచి ఎవడో.

అంతలో గడప దాటి సన్నెమ్మ లోపలికొచ్చింది. చంకలో జల్లెడ.

“ఒసే సన్నీ! బడి సాగుతుంటే లోపలికొస్తావా?”

“సాగుతుంటే ఎందుకొస్తానయ్యగారూ? ఆగిపోయిందని వచ్చాను.”

“బడిలోకి జల్లెడేమిటే?”

“మీ బెత్తం రాగా లేనిది, నా జల్లెడ వస్తే ఏం వచ్చింది? ఇన్నాళ్లు కొట్టారు గదా, ఎందుకు వెనకొస్తున్నావమ్మా అని ఒక్కనాడన్నా అడిగారా?”

ఈసారి మాట ఆగింది పంతులు గొంతులో.

సన్నెమ్మ జల్లెడ నాంచారి చేతిలో పెట్టింది. జల్లు జల్లు. జల్లు జల్లు. ఆ ఊపు మీద మాట కదిలింది. మాసం వచ్చింది. తిథి వచ్చింది. వారం వచ్చింది. బడి చూరు దాటి వీధిలోకి వినబడింది. మేదరి గురవయ్య చేతిలో వెదురు బద్ద అలాగే ఉండిపోయింది.

పంతులు బెత్తం విరిచి పారేశాడని చెప్పను. అంత మంచివాడేం కాదు. ఆ రోజుకి చూరులో దోపాడు, అంతే.

సన్నెమ్మ మాత్రం ఆనాటి నుంచి ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లాణ్ణీ ఆ మూడు మాటలూ అడిగింది. తినలేదన్నవాడికి తన రొట్టెలో సగం పెట్టింది. నిద్ర పట్టలేదన్న పిల్లని ఒడిలో పడుకోబెట్టుకుంది. ఎవరో ఏదో అన్నారంటే, ఆ అన్నవాళ్ల గుమ్మంలోకి పోయి నోరు విప్పింది. ఆ బడి పిల్లలు వైద్యులయ్యారు, లెక్కల్లో దిట్టలయ్యారు. పేరంతా పంతులుకి పోయింది. ఎప్పుడూ ఉన్నదేగా!

పంతులు తర్వాత ఆ బడికి నాంచారే పంతులమ్మ అయింది. మాట ఇంకా అప్పుడప్పుడు ఆగేది. ఆగితే జల్లెడ పట్టినట్టు చెయ్యి ఊపేది. సన్నెమ్మ పోయిననాడు, బడి గడపలో రాయి వేయించాలంది.

“ఇసుక మోసినదానికి రాయా?” అన్నారు పెద్దలు.

“ఆ ఇసుకలోనే గదయ్యా మీరంతా దిద్దుకుంది!” అంది నాంచారి.

ఇప్పటికీ ఆ బడిలో శ్రీ రాసేది ఆఖరున వచ్చినవాళ్ల చేతిలో. రాసేముందు పక్కన చతికిలబడి ఆ మూడు మాటలూ అడుగుతారు. చుట్టుపక్కల ఊళ్లలో పిల్ల మూగనోము పడితే, “సన్నెమ్మ గడప తొక్కించండి” అంటారు.

రాయి మీద సన్నెమ్మ పుట్టినరోజు లేదు. అది ఎవరికీ తెలియదు. పోయినరోజూ లేదు. అది నాంచారి వద్దంది. దగ్గర నిలబడి తను చెక్కించింది ఒక్క వరసే. తన నోట ఆగి, సన్నెమ్మ జల్లెడ మీద కదిలిన వరస:

భాద్రపద బహుళ పంచమి, గురువారం.