ఫోనులోని అమ్మవారికి అనుపు

అనగనగా, అటు సముద్రం, ఇటు ఏరు, మధ్యలో ఒక ఊరు. ఆ ఊళ్ళో పారమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది కన్నమ్మా. ఆవిడ బడి గడప తొక్కలేదు. బస్సుల మీద ఊళ్ళ పేర్లు, పకోడీలు కట్టి ఇచ్చిన కాగితాలు చదివి చదివి తనంతట తానే చదువు పట్టుకుంది.

ఆ పారమ్మకి ఒక అక్క. పేరు తవిటమ్మ. చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి తవిటమ్మకి చెవులు పోయాయి. ఆ తర్వాత మాటా పోయింది. అప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి వేళ్ళతో ఒక భాష కట్టుకున్నారు. ముక్కు దగ్గర వేలు ఊపితే బులాకీ పెట్టుకున్న అమ్మ. పెదవి మీద వేలు మెలితిప్పితే మీసాల నాన్న. ఆ భాష వాళ్ళిద్దరికే వచ్చు. కన్నకూతురికి కూడా సగమే అర్థమయ్యేది.

తవిటమ్మ బరంపురంలో కూతురు కళావతి దగ్గర ఉండేది. ఒకరోజు కళావతి పారమ్మకి ఫోను చేసి ఏడ్చింది. అమ్మ కళ్ళలో పొర ముదిరిపోయిందట. రేపు పొద్దున్న ముందు ఒక కంటికైనా ఆపరేషను చెయ్యకపోతే ఆ పెద్ద డాక్టరు మళ్ళీ ఎప్పటికి వస్తాడో తెలీదట. అమ్మేమో మంచం కోడు పట్టుకుని కదలనంటోందట, అన్నం పళ్ళెం తోసేస్తోందట. "నువ్వొచ్చి చెబితేనే వింటుంది పిన్నీ," అంది.

వెళ్దామంటే ఎలా? వానలకి ఏరు పొంగి రోడ్డెక్కింది. బస్సులు లేవు, రైళ్ళు లేవు. ఫోనులో మాట్లాడదామంటే అక్కకి వినబడదాయె. అప్పుడు కళావతే దారి చెప్పింది. మొహాలు ఎదురెదురుగా కనబడే యాప్ ఒకటి ఉంది, అది దింపుకో పిన్నీ అంది.

పారమ్మ గుండెలో రాయి పడింది. భయం ఫోను గురించి కాదు, తన మతి గురించి. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. పక్కింటావిడ పేరు నాలుక చివర దాకా వచ్చి వెనక్కి పోతోంది. అక్కతో వేళ్ళ మాటలాడి ఏళ్ళయింది. అవి ఉన్నాయో, పోయాయో? అయినా సరే, ముందు యాప్ దిగాలి, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అనుకుని కొంగు బిగించింది.

యాప్ బొమ్మ మీద నొక్కింది. చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. పారమ్మ బియ్యం ఏరింది, చక్రం తిరుగుతోంది. కూర తరిగింది, చక్రం తిరుగుతోంది. గానుగెద్దయినా ఈపాటికి ఇంత నూనె ఇచ్చేదని విసుక్కుంది.

కోడలు ఢిల్లీశ్వరి చూసి నవ్వింది. వానకి సిగ్నలు చచ్చిపోయింది అత్తా, చక్రం తిరిగితే యాప్ రాదు, నీకు కళ్ళు తిరుగుతాయి అంది. అప్పుడు పారమ్మ గొడుగేసుకుని, బురదలో జారుతూ, బడి మెట్ల మీదికి ఎక్కింది. అక్కడ సిగ్నలు గీతలన్నీ నిండుగా నిలబడ్డాయి. మళ్ళీ నొక్కింది. ఈసారి చక్రం కూడా రాలేదు. ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి అని వచ్చింది.

ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే మాట. ఏం తప్పు చేశానో చెప్పవేం అని ఫోనుని నిలదీసింది. అప్పుడు చూసింది, ఫోను నెత్తి మీద తారీఖు. జనవరి ఒకటి అని ఉంది. రేపు నాగుల చవితి పెట్టుకుని, దీనికి జనవరి ఏమిటి? రాత్రి కరెంటు పోయి ఫోను పూర్తిగా చచ్చి లేచింది కదా, లేచేసరికి ఏ రోజో మరిచిపోయిందన్నమాట.

పారమ్మకి భలే ఊరటగా అనిపించింది కన్నమ్మా. మతిమరుపు నాకొక్కదానికే కాదులే అనుకుంది. ఇంటికొచ్చాక, తారీఖు తప్పయితే యాప్ దిగదని ఢిల్లీశ్వరి చెబితే, సెట్టింగుల్లోకి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుంటూ తనే తారీఖు దిద్దింది. ఆలోగా వాన తగ్గి సిగ్నలు కూడా ఇల్లు చేరింది. మళ్ళీ నొక్కింది. ఈసారి ఒక చిన్న పెట్టె వచ్చింది. దాని కింద 'సరే' అని ఉంది. పారమ్మ సరే అంది. పెట్టె పోయింది, యాప్ రాలేదు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ సరే అంది.

ఆవిడకి అదొక అలవాటు. ఇంటికొచ్చి ఎవరేం అడిగినా ముందు సరే అనేసి, తర్వాత ఏమడిగారని ఆలోచించేది. ఈసారి మాత్రం వేలు వెనక్కి లాక్కుంది. చదువుకున్నదాన్ని కాదా నేను అనుకుని, పెట్టెలోని మాట అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఫోనులో చోటు చాలదు, కొన్ని తీసెయ్యండి అని ఉంది.

చోటంతా ఎవరు తిన్నారో తెలుసా? ఊరి అమ్మవారు పోలమ్మ తల్లి. ప్రతి శుక్రవారం గుడికి వెళ్ళి, అమ్మవారి అలంకారం ఫోటో తీసేది పారమ్మ. హారతి మొదటి నుంచి చివరిదాకా వీడియో తీసేది. ఏ వారం ఏ చీర కట్టారో మరిచిపోతానేమోనని ఒక్కటీ వదిలేది కాదు.

ఢిల్లీశ్వరి ఫోను తీసుకుని, ఒక్క నిమిషం అత్తా, అన్నీ తుడిచేస్తానంది. తెర మీద చెత్తబుట్ట బొమ్మ వచ్చింది. పారమ్మ ఫోను గుంజుకుంది.

"పాత క్యాలెండరులో దేవుడి బొమ్మనే చెత్తలో వెయ్యం. తల్లిని బుట్టలో పడేస్తావా?"

"మరి మీ అక్క కళ్ళ సంగతో?" అంది కోడలు. కోపంగా కాదు, మెల్లగానే అంది.

పారమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అటు అక్క, ఇటు అమ్మవారు. ఈ ఫోటోలు పోతే అమ్మవారి మొహమే మనసులోంచి పోతుందేమోనని ఒక భయం. బయట పొద్దు వాలుతోంది.

అప్పుడు ఆవిడకి ఊరి పండగ గుర్తొచ్చింది. పండగకి అమ్మవారిని పిలుస్తాం, మేళాలు పెడతాం, ముద్దు చేస్తాం. ఆ తర్వాత ఉంచేసుకుంటామా? అనుపు చెయ్యమూ? అనుపు అంటే సాగనంపడం కన్నమ్మా. పసుపునీళ్ళు చల్లి, వెళ్ళి రా తల్లీ అని పొలిమేర దాటించి వస్తాం. పంపేశాం కదా అని తల్లిని మరిచిపోయినవాళ్ళెవరూ ఆ ఊళ్ళో లేరు.

పారమ్మ లేచింది. పీట వేసి, పీట మీద ఫోను పెట్టింది. చలిమిడి ముద్ద, పానకం గ్లాసు ముందు పెట్టింది. పసుపునీళ్ళు చల్లబోతుంటే ఢిల్లీశ్వరి చెయ్యి అడ్డుపెట్టి, ఫోను మీద చల్లితే అమ్మవారితో పాటు ఫోను కూడా పొలిమేర దాటుతుంది, గుమ్మం దగ్గర చల్లు అత్తా అంది. సరే, గుమ్మం దగ్గరే చల్లింది.

ఆ తర్వాత ఒక్కో ఫోటో తీసి చూసింది. ఆకుపచ్చ చీర తల్లికి దణ్ణం పెట్టి, వెళ్ళి రా అంది. నిమ్మకాయల దండ తల్లికి దణ్ణం పెట్టి, వెళ్ళి రా అంది. అలా హారతి వీడియోలతో సహా, బుట్ట బొమ్మ నొక్కుతూ అందరినీ సాగనంపింది. అయినా ఫోను చోటు లేదంది. ఇంకా బుట్టలోనే ఉంటాయి అత్తా, బుట్ట కూడా ఖాళీ చెయ్యాలి అంది కోడలు. అవును మరి, తల్లి ఇంకా పొలిమేర దాటలేదు. పారమ్మ బుట్ట ఖాళీ చేసింది. అనుపు చేసి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు. ఆవిడ చూడలేదు.

అప్పుడు నొక్కింది. చక్రం ఒక్క చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. యాప్ దిగింది.

పారమ్మ అందులో పిలవగానే కళావతి ఫోను పట్టుకుని తల్లి మంచం దగ్గరికి పరిగెత్తింది. తెర మీద తవిటమ్మ. మసక కళ్ళతో ఫోనుని ముక్కుకి ఆనించుకుని చూస్తోంది. పారమ్మ చేతులెత్తింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. ఒక్క మాటా గుర్తు రాలేదు. వేళ్ళన్నీ కట్టెపుల్లలైపోయాయి.

అవతల తవిటమ్మ చెల్లెల్ని పోల్చుకుంది. నుదుటి మీద వేలితో టకటక కొట్టి చూపించింది. మొద్దు అని. చిన్నప్పుడు పూటకోసారి అనేదా మాట.

అంతే కన్నమ్మా, పారమ్మ వేళ్ళు కదిలాయి. నువ్వే మొద్దు అన్నాయి. ఎందుకెళ్ళవు, కత్తికి భయమా అని అడిగాయి. తవిటమ్మ కాదంది. చెవులు మూసి చూపింది. ఆ తర్వాత కళ్ళు మూసి చూపింది. ఆ తర్వాత రెండు చేతులూ తల మీద బోర్లించింది, మూత పెట్టిన కుండలాగా.

పారమ్మకి అర్థమైంది. చెవులు ముందే లేవు. కళ్ళకి కూడా కట్టు కడితే, ఇంక అక్క ఒంటరిగా చీకటి కుండలో ఉండిపోతుంది. అది ఎవరికీ తట్టలేదు. పారమ్మ ఒక కన్ను చేత్తో మూసి, రెండోది పెద్దగా తెరిచి చూపించింది. ఒక్క కన్నే, రెండోది తెరిచే ఉంటుంది. ఆ తర్వాత తన రెండు చిటికెన వేళ్ళూ ఒకదానికొకటి మెలేసింది. "నేనున్నాను" అని దానికి అర్థం. కళావతికి ఆ మాట నేర్పింది. ఆపరేషను అయ్యేదాకా అమ్మ చిటికెన వేలు వదలకు, డాక్టరుని బతిమాలుకో అని చెప్పింది.

కళావతి తన వేలు చాచింది. తవిటమ్మ చాలాసేపు ఆ వేలిని చూసింది. ఆ తర్వాత తన వేలు మెలేసి, పక్కన తోసేసిన అన్నం పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

మర్నాడు ఆపరేషను అయింది. ఆ మర్నాడు కట్టు విప్పారు. విప్పగానే ఫోను అడిగి తీసుకుంది తవిటమ్మ. చెల్లెల్ని కిందినుంచి మీదికి చూసింది. మొహం ముడిచింది. తన జుట్టు పట్టుకుని లాగి, పారమ్మ తల వైపు వేలు చూపించింది. నీ జుట్టు ఇంత తెల్లగా ఎప్పుడయిందే అని.

పారమ్మ కళ్ళు తుడుచుకుని, వేళ్ళతోనే బదులు చెప్పింది.

"నువ్వు చూడనప్పుడు."

కథ నడిచింది కంచికి,
కన్నమ్మ ఒరిగింది మంచానికి,
కునుకు వచ్చింది కంటికి,
మనమూ వచ్చేశాం ఇంటికి.