మరకలేని బట్టలే ఉతికిన పైడమ్మ

వెనకటికి తుమ్మలకోట విద్యాపీఠంలో చేరాలంటే ప్రధానాచార్యుడు భైరవభట్టు పెట్టే పరీక్ష గట్టెక్కాలి. బట్టలుతికే పైడమ్మ మనవరాలు ముత్తేలు ఆయన ముందు పద్యం చదువుతూ ఒకచోట తడబడింది.

"తప్పులు చదివేవాళ్లు మా పీఠానికి పనికిరారు. ఏ తప్పూ చెయ్యనివాళ్లనే చేర్చుకుంటాం," అని భట్టు పంపించేశాడు.

సాయంత్రం గంట కొడితే ప్రవేశాలు ముగిసినట్టే. మళ్లీ ఏడాది ఆగాలి. పైడమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. రేవుకెళ్లి బండ మీద కూర్చుంది, లేచింది, పొద్దు వంక చూసింది, మళ్లీ కూర్చుంది. ఎదురుగా భట్టుగారి బట్టల మూట ఉంది. ఆ సాయంత్రం ఆయన రాజసభకు కట్టుకోవాల్సిన పంచె కూడా అందులోనే ఉంది. చటుక్కున కొంగు బిగించి పనిలోకి దిగింది.

పొద్దు వాలుతుండగా మనవరాలిని పీఠం వాకిట్లో నిలబెట్టి, మూట తెచ్చి భట్టు ముందు దించింది. ఆయన విప్పి చూసి అదిరిపడ్డాడు. మిగతావన్నీ తళతళలాడుతున్నాయి గానీ, సభకు కట్టాల్సిన పంచె మీద పులుసు మరక అలాగే ఉంది.

"దీన్నెందుకు ఉతకలేదే?"

"మరకలున్నవి మా రేవుకు పనికిరావు బాబయ్యా. మరక లేనివే ఉతుకుతాం."

"మతి పోయిందా? మరక పోగొట్టడానికే గదా నువ్వున్నది!"

"మరి తమరున్నది దేనికి బాబయ్యా?"

భట్టు ఆ మరక వంక చూశాడు, వాకిట్లో పిల్ల వంక చూశాడు. అంతలో గంట గుర్తొచ్చి, "ఒరేయ్, అప్పుడే కొట్టకండి! ఆ పిల్లను లోపలికి రానివ్వండి!" అని కేకేశాడు.

పైడమ్మ పంచె భుజాన వేసుకుని రేవుకు పరుగెత్తింది.

ఆ సాయంత్రం భట్టు సభలో తడిపంచెతో వణుకుతూ కూర్చున్నాడు. మరక మాత్రం లేదు.