అరుగు మీద కూర్చున్న అత్త

అనగా అనగా, గోదారి పక్కన ఓ ఊరు. కాళ్ళు ముడుచుకుని పడుకోండర్రా. ఊఁ కొట్టడం మానకండి, మీరు మానితే నేనూ మానేస్తాను.

ఆ ఊళ్ళో సూరాంబ అని ఒకావిడ. ఆవిడ చేసే పూతరేకులు రాజుగారి కోటకి వెళ్ళేవి. రేకంటే ఏమనుకున్నారు? బియ్యం రుబ్బి పాలలా పల్చన చెయ్యాలి. కుండ బోర్లించి, కింద కొబ్బరాకులు మండించాలి. ఆ పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి ఒక్క లాగు లాగాలి. ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. చెయ్యి అదిరిందా, చిరిగి ఊరుకుంటుంది. లొట్టలేసుకుంటూ తినడమే గానీ, ఎవరు చేశారని మీరెన్నడైనా అడిగారా?

పొగకి సూరాంబ కళ్ళు మసకబారాయి. పని కొత్తకోడలు తాయారు చేతికొచ్చింది. పిల్ల పనిమంతురాలే, కానీ మాట పడే రకం కాదు. అత్తకేమో మాట అననిదే అన్నం అరగదు. కుండ పక్కనే పీట వేసుకుని, గుడ్డ పట్టుకోవడం కూడా మీ అమ్మ నేర్పలేదా అని మొదలెట్టేది.

ఇంతలో కోటనుంచి మనిషొచ్చాడు. రాజుగారి కూతురి పెళ్ళట. మర్నాడు పొద్దు వాలేలోగా వంద రేకులు కావాలట, ఒక్కదానికీ చిల్లు ఉండకూడదట. కుదరకపోతే కోట పని పక్కవీధి వాళ్ళకి పోతుందట. అతను అటు వెళ్ళగానే సూరాంబ కోడలితో తేల్చి చెప్పేసింది, రేకులు కుదరకపోతే పుట్టింటికి పంపేస్తాను, మళ్ళీ రానక్కర్లేదు అని. తాయారు మొగుడు పక్కనే ఉన్నాడు. ఏమన్నాడని అడక్కండి. ఆ మహానుభావుడు చుట్టకి నిప్పు వెతుక్కుంటున్నాడు.

తెల్లారింది. తాయారు రేకు తీసింది, చిరిగింది. కుండ మార్చింది, చిరిగింది. బియ్యం మార్చింది, చిరిగింది. మంట తగ్గించింది, అయినా చిరిగింది. ఎందుకు చిరగదూ? అత్త అన్నది చెవిన పడింది, చెవిన పడ్డది మనసున పొడిచింది, మనసున పొడిచింది చేతిని కుదిపింది, చేతిని కుదిపింది రేకుని చింపింది.

ఊఁ కొడుతున్నారా?

పొద్దెక్కాక సూరాంబ నేతికని పక్కూరు వెళ్ళింది. హమ్మయ్య, పీడ వదిలింది, ఇక చూసుకో అనుకుంది తాయారు. గుడ్డ ముంచింది, పరిచింది, లాగింది. చిరిగింది.

తాయారు అలాగే ఆగిపోయింది. ఇంట్లో అత్త లేదు, పీట ఖాళీ. మరి ఎవరు చింపారు? అప్పుడు తెలిసింది, ఇందాకట్నుంచి తను అత్తతో పోట్లాడుతూనే ఉందని. అత్త అనని మాటలు కూడా ఆవిడ చేత అనిపించి, వాటికి జవాబులు కూడా చెప్పేస్తోంది. అత్త పక్కూళ్ళో ఉంది, తను ఎక్కడుందో తనకే తెలీదు. కుండ ముందు మాత్రం లేదు.

చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కొలిమి తిత్తిలా ఊపిరి ఎగిసిపడుతోంది. ఆపాలని చూడలేదు. ఎక్కడ ఎగురుతోందో, ఎక్కడ దిగుతోందో చూస్తూ కూర్చుంది. దానంతట అదే దిగింది. అప్పుడు గుడ్డ ముంచి పరిస్తే చుయ్‌మన్న చప్పుడు వినపడింది. పొద్దుట్నుంచీ అవుతున్న చప్పుడే, ఇప్పుడే విన్నది. రేకు లేచింది. నిండు రేకు.

మూడో రేకుకి అత్త మళ్ళీ మనసులోకి దూరింది. తరిమితే అదీ ఒక పోట్లాటే కదా. అందుకని తాయారు పైకే అంది, “వచ్చావా అత్తా? అలా అరుగు మీద కూర్చో, నాకు పనుంది.” చూపు మళ్ళీ కుండ మీదికి తెచ్చుకుంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కూర్చోబెట్టింది. ఒకసారా రెండుసార్లా? రేకుకి రెండుసార్లు. ఒక్కసారి కూర్చోబెడితే పోతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి.

పొద్దు వాలుతుండగా ఎవరో దగ్గారు. తలెత్తితే నిజం అత్త, నేతిగిన్నె ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునుంది. వచ్చి ఎంతసేపయిందో. ఆ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఆవిణ్ణి కూర్చోమన్నవాళ్ళు లేరు. ఆ మాట వినపడేసరికి కూర్చుండిపోయిందట.

“ఎవరితోనే మాటలు? నన్ను ‘నువ్వు’ అంటున్నావా?” అంది.

తాయారు ఊపిరి దిగేదాకా ఆగింది. “మీతోనే అత్తయ్యా. మీరు నేతికెళ్ళినా ఇక్కడే ఉండి తిడుతున్నారు, అందుకని కూర్చోబెట్టాను. ఇంకొకటి. మా అమ్మ ఊసెత్తకండి. నేనిక పడను.” గొంతు పెరగలేదు. చేతిలో రేకు చిరగలేదు. అది వందో రేకు.

సూరాంబ నేతిగిన్నె ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లిగా, “మా అత్త పోయి ఇరవయ్యేళ్ళయిందే. ఇప్పటికీ కుండ ముందు కూర్చుంటే వెనకాలే నిలబడుతుంది,” అంది.

తాయారు పక్కకి జరిగి పీట వేసింది. “అరుగు పెద్దదే అత్తయ్యా. ఆవిణ్ణీ కూర్చోమనండి.”

రేకులు మడతలు పడి కోటకెళ్ళాయి, పెళ్ళి బాగా జరిగింది. పుట్టింటి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సూరాంబ నాలిక మారిందా అంటారేమో. ఒక్కపూటలో నాలికలు మారేవైతే నాది ఎప్పుడో మారేది. కాకపోతే మాట నోటిదాకా వచ్చాక అరుగు వైపు చూసి ఆగేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఇది ఓర్చుకోమని చెప్పే కథ కాదర్రా, అలాంటివి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. కోపం వస్తే వచ్చిందని తెలుసుకోండి, దాన్ని ఓ పక్కన కూర్చోబెట్టండి, చెయ్యి కుదురుకున్నాక అనాల్సింది అనండి.

కథ కంచి దారి పట్టింది. మనం దుప్పట్లోకి.