తెల్లకొండ కోసం ఒక ఖాళీ రోజు

అనగనగా ఒక అడవి. ఎండలు మండిపోయే అడవి. అక్కడ పుట్టినవాళ్లు అక్కడే తిరిగి, అక్కడి నది నీళ్లే తాగి, అక్కడే ముసలివాళ్లయ్యేవాళ్లు. అడవి దాటి వెళ్లి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ అడవిలో కాటుకమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. పేరుకు తగ్గ నలుపు. ఎండాకాలం వస్తే ఒంటినిండా ఉన్న బొచ్చులో ఉడికిపోయేది. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఒక సంగతి చెప్పింది. ఈ నది పుట్టేచోట, ఉత్తరాన, ఒక తెల్లకొండ ఉందట. దాని మీద నీళ్లు గట్టిపడి పడుకుని ఉంటాయట. కాటుకమ్మ ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వేవాళ్లు. నీళ్లు పడుకోవడమేమిటి, ఎండదెబ్బ తగిలినట్టుంది అనేవాళ్లు.

ఆ కొండను ఒక్కసారి కళ్లారా చూడాలి. కాటుకమ్మకు ఉన్న కోరిక అదొక్కటే. తేనె కూడా ఉంది గానీ, దాన్ని కోరిక అనరు, అలవాటు అంటారు.

ఒక ఏడు చలికాలం చివర్లో, ఏటా ఉత్తరం నుంచి వచ్చిపోయే వలస బాతు తిరుగు ప్రయాణానికి రెక్కలు సర్దుకుంటోంది. కాటుకమ్మ వెళ్లి దాన్ని అడిగింది. కొండ ఉన్న మాట నిజమేననీ, తాను ఎండాకాలమంతా దాని నీడలోనే ఉంటాననీ బాతు చెప్పింది.

ఈ సంగతి గవరయ్య చెవిన పడింది. గవరయ్య ముంగిస. అడవిలో ఎవరింట్లో ఏ పని జరిగినా దగ్గరుండి నడిపించకపోతే ఆయనకు తిన్నది అరగదు. ప్రయాణం ఏర్పాట్లన్నీ తనకు వదిలేయమన్నాడు. నీటికుక్క వస్తానంది. ముళ్లపంది కూడా వస్తానంది. మొత్తం నలుగురు.

గవరయ్య ఇసుకలో గులకరాళ్లు వరసగా పేర్చాడు. ఒక్కో రాయి ఒక్కో రోజు. ముందు తెప్ప మీద హాయిగా కొండ దాకా వెళ్లి, తర్వాత నడుచుకుంటూ తిరిగి రావాలన్నది ఆయన ఆలోచన. బాతు అంతా విని, మెల్లగా అడిగింది.

"నది ఎటు పారుతోంది గవరయ్యా?"

గవరయ్య నదివైపు చూశాడు. దగ్గాడు. రాళ్లు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు.

అప్పుడు బాతు మూడు మాటలు చెప్పింది. మొదటిది, కాళ్లలో బలం ఉన్నప్పుడే నడిచి వెళ్లండి, వచ్చేటప్పుడు తెప్ప ఎక్కి కూర్చోండి. రెండు గట్ల మీదా జలపాతాలు ఉంటాయి, మెడ తిప్పితే చాలు. రెండోది, పున్నమి రోజు పొద్దున్నే తెప్ప వదలండి. ఆ తర్వాత నీళ్లు తగ్గి రాళ్లు తేలతాయి, ఇక తెప్ప కదలదు.

మూడో మాట చెప్పే ముందు బాతు ముక్కుతో వరసలోంచి ఒక రాయిని తీసి పక్కన పడేసింది.

"కొండ దగ్గర ఒక రోజు ఖాళీగా ఉంచండి. ఆ కొండ ఎప్పుడూ మబ్బు కప్పుకునే ఉంటుంది. ఎప్పుడు ముసుగు తీస్తుందో దానికే తెలియదు."

ఖాళీ రోజున ఏం చేయాలని గవరయ్య అడిగాడు. ఏమీ చేయకూడదంది బాతు. వరసలో ఆ ఖాళీని చూస్తుంటే గవరయ్యకు పన్ను సలిపినట్టయింది. అయినా కాటుకమ్మ మొహం చూసి ఊరుకున్నాడు.

ప్రయాణం మొదలైంది. ముళ్లపంది దారికి కావలసిన దుంపలూ రేగుపళ్లూ తన ముళ్లకే గుచ్చుకుని బయల్దేరింది. వెనక నడిచేవాళ్లు చప్పుడు చేయకుండా ఒక్కొక్కటే కోసుకుని తిన్నారు. తన భోజనం ఎటు పోయిందో దానికి చివరిదాకా తెలియలేదు.

దారిలో ఒక మడుగు కనిపించింది. నిండా చేపలు. నీటికుక్క ఆగిపోయింది.

"ఒక్క పూట ఆగుదాం మామా. ఎలాగూ ఒక రోజు ఖాళీగా ఉందిగా."

అదీ నిజమేననుకున్నాడు గవరయ్య. ఖాళీ రోజులోంచి పొద్దుటి పూట పోయింది.

ఇంకొంత దూరం వెళ్లాక వెదురు తోపు వచ్చింది. లేత కొమ్ములు. ముళ్లపంది కూడా అదే మాట అంది. మధ్యాహ్నం కూడా పోయింది. కాటుకమ్మ రెండుసార్లూ మూతి ముడుచుకుని చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఒక చెట్టు వచ్చింది. ఆ చెట్టుకు తేనెపట్టు. ఈసారి గవరయ్యే వద్దన్నాడు, ఇక నడవాలన్నాడు. కాటుకమ్మ అప్పటికే సగం చెట్టెక్కింది.

"సాయంత్రం ఇంకా మిగిలే ఉంది కదా మరిదీ," అంది పైనుంచి.

ఆ సాయంత్రాన్ని కాటుకమ్మ వేళ్లతో సహా నాకేసింది. ఖాళీ రోజు అలా అయిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. ఖాళీయే కదా, పోయినా కనిపించదు.

పున్నమి ముందురోజు సాయంత్రం కొండ దగ్గరికి చేరారు. చలి. ఎదురుగా తెల్లటి మబ్బు, గోడలాగా. అంతకు మించి ఏమీ లేదు. గవరయ్య మబ్బులోకి చెయ్యి చూపించి, కొండ అక్కడే ఉంది, చూసేసినట్టే లెక్క అన్నాడు.

"మబ్బులు మన అడవిలోనూ ఉన్నాయి," అంది కాటుకమ్మ.

నీటికుక్క వరదకు కొట్టుకొచ్చిన దుంగల్ని తీగలతో కట్టి తెప్ప సిద్ధం చేసింది. తెల్లవారింది. మబ్బు ఉన్నచోటే ఉంది. ముగ్గురూ తెప్ప ఎక్కారు. కాటుకమ్మ ఒక కాలు తెప్ప మీద పెట్టి, వెనక్కి చూసి, ఆ కాలు తీసేసింది.

రానంది. ముగ్గురూ మూడు వైపులా నచ్చజెప్పారు. ఇంక తెప్ప ఉండదు, జలపాతాలు ఉండవు, ఆ దారంతా మళ్లీ నడవాలి, అదీ నడి ఎండల్లో. వచ్చే ఏడు చూడొచ్చు కదా అంది ముళ్లపంది.

"మూడు పూటల్లో ఒకటి నేనే తిన్నాను. మిగిలిన రెండూ పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు మీతో వస్తే కొండను కూడా తినేసినట్టే. మీరు వెళ్లండి," అంది కాటుకమ్మ.

తెప్ప కదిలింది. గవరయ్య ఒకసారి నీళ్లను చూశాడు, ఒకసారి గట్టును చూశాడు. నలుగురిని తీసుకొచ్చి ముగ్గురితో తిరిగి వెళితే అడవిలో తల ఎత్తుకోలేననుకున్నాడు. తిట్టుకుంటూ ఒక్క గెంతులో గట్టు మీద పడ్డాడు.

అలా ఆ ఇద్దరికీ ఒక ఖాళీ రోజు దొరికింది.

ఖాళీగా ఉండటం గవరయ్యకు ఎవరూ నేర్పలేదు. గట్టంతా తోకతో ఊడ్చాడు. రాళ్లను చిన్నవీ పెద్దవీ వేరుచేశాడు. మళ్లీ కలిపేశాడు.

"ఇప్పుడేం చేద్దాం వదినా?"

"కూర్చుందాం."

"కూర్చున్నాక?"

"కూర్చునే ఉందాం."

చలికి పళ్లు టకటకలాడుతుంటే గవరయ్య చివరికి కాటుకమ్మ బొచ్చులోకి దూరి తల మాత్రం బయటపెట్టాడు. ఇన్నాళ్లూ ఉడికించిన బొచ్చు ఇవాళ ఇద్దరికి పనికొచ్చింది.

పొద్దు వాలే వేళకు గాలి మారింది. మబ్బు మధ్యలో ఒక చీలిక వచ్చింది. గవరయ్య అందులో కొండ కోసం వెతికాడు. లేదు. కాటుకమ్మ ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తింది. ఇంకా పైకి. వాళ్లిద్దరూ ఆకాశం అనుకున్నచోట, కొండ ఉంది. ఇంతసేపూ నెత్తిమీదే ఉంది. ఎండ పడి తెల్లగా మెరుస్తోంది.

"పడుకునే ఉన్నాయి నీళ్లు. అమ్మమ్మ చెప్పినట్టే," అంది కాటుకమ్మ.

గవరయ్యకు చేయడానికి ఏ పనీ గుర్తుకు రాలేదు. పుట్టాక అదే మొదటిసారి. కాసేపటికి మబ్బు మళ్లీ మూసుకుంది.

ఇద్దరూ నడిచి ఇంటికి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. కాటుకమ్మ కాళ్లు వాచి మొద్దుల్లా ఉన్నాయి. నీటికుక్క జలపాతాల గురించి చెబుతుంటే విని కుళ్లుకుంది కూడా. కుళ్లుకోదా మరి, అవి నిజంగానే బాగుంటాయి. కానీ తెల్లకొండ మాట ఎత్తితే ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. నవ్వబోతే గవరయ్య లేచి నిలబడుతున్నాడు.

మరుసటి ఏడు ఇంకో గుంపు బయల్దేరింది. అందరూ కొత్తవాళ్లే. గవరయ్య మళ్లీ ఇసుకలో గులకరాళ్లు పేర్చి, కొండ దగ్గర ఒక రాయి పట్టేంత చోటు వదిలాడు. ఒక కుందేలు అది చూసింది. దారిలో పచ్చిక మైదానం ఉందట, ఇక్కడెలాగూ ఖాళీగా ఉందిగా అంటూ చేతిలో రాయితో ముందుకొచ్చింది.

కాటుకమ్మ వచ్చి సరిగ్గా ఆ ఖాళీలో కూర్చుంది.

"అది ఖాళీ కాదురా అబ్బాయ్, అందులో కొండ ఉంది," అన్నాడు గవరయ్య.

నీతి: కావలసినదాని కోసం ఉంచుకున్న సమయం ఖాళీ సమయం కాదు. దాన్ని పూటకింత పంచిపెట్టకూడదు, మనమూ కొరుక్కు తినకూడదు.