ఏడో పెంకు

ఓబులేసు ఊరి ప్రాథమిక పాఠశాలలో పంతులు. పిల్లలంటే ప్రాణం, ఆటలంటే ఇంకా ప్రాణం. అయినా ఆ సాయంత్రం గుట్ట కింది దర్గాకు వచ్చేసరికి అతని మొహం వాడిపోయి ఉంది.

దర్గాలో ఉండే కరీముల్లా బాబా అతని గురువు. చదువుకునే రోజుల నుంచీ మనసు బాగాలేనప్పుడల్లా ఓబులేసు వచ్చి కూర్చునేది ఆయన దగ్గరే. అప్పుడు బాబా పావురాలకు జొన్నలు చల్లుతున్నాడు.

"బాబా, ఇంక బడిలో ఆటలు ఆపేద్దామనుకుంటున్నా."

"ఎందుకు నాయనా?"

"ఆట మొదలైతే చాలు, కొట్లాట. గెలిచినోళ్లు ఎగతాళి చేస్తారు, ఓడినోళ్లు ఏడుస్తారు. పొద్దున ప్రార్థనలో ప్రతిజ్ఞ చేయిస్తున్నా. గెలిస్తే గర్వపడము, ఓడితే కుంగిపోము, తోటివాళ్లను నొప్పించము అని గొంతు చించుకొని చెప్తారు. సాయంత్రానికి ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటారు."

బాబాకు నవ్వు వచ్చింది. ఓబులేసుకు రాలేదు. అతని అసలు బాధ వేరే ఉంది.

మూడో తరగతిలో మౌలాబీ అని ఒక పిల్ల. ఏడుపెంకులాటలో ఆఖరి పెంకు పెట్టబోతూ, చేయి తగిలి మొత్తం దొంతి కూల్చేసింది. జట్టు ఓడిపోయింది. "అంతా నీ వల్లే! ఇంకోసారి మా జట్టులోకి రావాకు" అని జట్టు నాయకుడు సుంకన్న అందరి ముందూ అరిచాడు. మిగతా పిల్లలూ వాడితో గొంతు కలిపారు. అప్పటి నుంచి ఆటల గంట కొట్టగానే మౌలాబీ వెళ్లి నీళ్ల తొట్టి పక్కన కూర్చుంటోంది. ఎవరు పిలిచినా లేవదు.

"సుంకన్నతో క్షమాపణ చెప్పించినా బాబా. పద్యం అప్పజెప్పినట్టు చెప్పినాడు. ఆ పిల్ల కూడా పద్యం విన్నట్టే వినింది. ఇంక నేనేం చెప్పాల వాళ్లకు?"

బాబా చేతులు దులుపుకున్నాడు.

"రేపు మీ బడికొస్తా. ఆటల గంట ఎప్పుడు?"

"సాయంత్రం బాబా. పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్తారా?"

"చూద్దాం," అన్నాడు బాబా.

మరునాడు ఓబులేసు వరండాలో కుర్చీ వేయించి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచాడు. పిల్లలను వరసల్లో కూర్చోబెట్టాడు. దగ్గులు కూడా ఆపించాడు.

బాబా వచ్చాడు. కుర్చీ వైపు చూడనే లేదు. లుంగీ పైకి ఎగగట్టి, చెప్పులు ఒక మూల విడిచి, పిల్లలను అడిగాడు.

"నేను ఏ జట్టు?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాగానే వరసలన్నీ చెదిరిపోయాయి. "మా జట్టు తాతా! మా జట్టు!" అని అరుపులు. చివరికి సుంకన్న జట్టుకు బాబా దొరికాడు. అవతలి జట్టుకు నాయకురాలు రమణి. బక్కపల్చటి పిల్ల, కానీ బంతి విసిరితే గురి తప్పదు.

"నువ్వూ రా," అని బాబా ఓబులేసు చేయి పట్టి లాగాడు. "నాకు తోడు."

సుంకన్న గురి చూసి కొట్టాడు. పెంకులు చెల్లాచెదురయ్యాయి. ఇక రమణి జట్టు బంతితో కొడుతుంటే తప్పించుకుంటూ వీళ్లు పెంకులన్నీ తిరిగి పేర్చాలి.

ఆట మొదలయ్యాక ఓబులేసు తాను పంతులన్న సంగతి మరిచిపోయాడు. వంగాడు, దూకాడు, దుమ్ములో దొర్లాడు. బాబా గడ్డం ఒక పక్కకు, బాబా ఒక పక్కకు పరుగెత్తుతుంటే పిల్లలు కడుపులు పట్టుకొని నవ్వారు. ఎప్పటిలాగే నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లి కూర్చున్న మౌలాబీ కూడా మెడ చాచి చూసింది.

ఒక్కొక్కరే బంతి తగిలి బయటికి వెళ్లిపోయారు. సుంకన్న కూడా వెళ్లాడు. చివరికి గురువూ శిష్యుడూ మిగిలారు. ఆరు పెంకులు నిలబడ్డాయి. ఏడోది బాబా చేతిలో ఉంది. రమణి విసిరిన బంతికి ఓబులేసు చటుక్కున వంగడంతో అది గేటు దాకా దొర్లిపోయింది. ఆ పిల్ల దాని వెనక పరుగు తీసింది.

"పెట్టండి బాబా! పెట్టేయండి!" ఓబులేసు గంతులు వేస్తూ అరిచాడు.

బాబా వంగాడు. ఆయన కుర్తా చేయి పెంకుల అంచుకు తగిలింది. దొంతి మొత్తం గలగలా కూలిపోయింది.

"అయ్యో! ఒక్క పెంకు బాబా, ఒక్కటంటే ఒక్కటి! అంత దగ్గరుండి, కొంచెం చూసుకోవద్దా? అంతా మీ వల్ల..."

ఓబులేసు మాట అక్కడే ఆగిపోయింది.

పిల్లలెవరూ కూలిన పెంకులను చూడడం లేదు. అందరూ సారునే చూస్తున్నారు. సుంకన్న నోరు తెరుచుకొని చూస్తున్నాడు.

అప్పుడే ఓబులేసు వీపు మీద ధబ్బుమని బంతి పడింది.

"అవుట్... సార్," అంది రమణి. భయంతో ఆ పిల్ల గొంతు సగమే పలికింది.

అందరికంటే ముందు నవ్వింది బాబా. దుమ్ములో చతికిలపడి, చుట్టూ పెంకులు పెట్టుకొని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఎట్ల కూలినాయి చూసినారా రా! ఆ చప్పుడు విన్నారా?" అన్నాడు. తర్వాత ఒక్కొక్క పెంకే దగ్గరికి లాక్కుంటూ అడిగాడు.

"నాకు పేర్చేది సరిగ్గా రాదు. ఎవరన్నా నేర్పిస్తారా?"

నీళ్ల తొట్టి పక్క నుంచి మౌలాబీ లేచింది. మెల్లగా వచ్చి బాబా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"పెద్ద పెంకు అడుగున పెట్టాల తాతా. ముందు నీ కుర్తా చేతులు మడుచుకో. ఆ పొద్దు నాకు గూడా అట్లనే తగిలింది." తనే ఆయన కుర్తా చేతులు మోచేతి దాకా మడిచింది.

సుంకన్న అటూ ఇటూ చూశాడు. దూరంగా పడిన ఒక పెంకు ఏరుకొచ్చి మౌలాబీ ముందు పెట్టాడు.

"ఈసారి ఆఖరి పెంకు నువ్వే పెట్టు. నేను బంతికి అడ్డం ఉంటా."

"మళ్లా పడితే?"

సుంకన్న తల గోక్కున్నాడు. "పడితే పడనీ."

మళ్లీ ఆడారు. మౌలాబీ ఆరో పెంకు దాకా పేర్చింది. ఏడోది పెట్టేలోపే రమణి బంతి ఆమె భుజానికి తగిలింది. అందరూ సుంకన్న మొహం చూశారు. వాడి మొహం ఎర్రబడింది. ముక్కుపుటాలు అదిరాయి. ఎందుకో వాడి చూపు మౌలాబీ మీద పడింది. ఆ పిల్ల ముక్కు మీద, బుగ్గల మీద దుమ్ము, చేతిలో ఇంకా ఆ పెంకు. వాడికి ఫక్కున నవ్వొచ్చింది. మౌలాబీకీ వచ్చింది. ఇక ఆ నవ్వు ఎవరి జట్టులో ఆగుతుంది?

ఇంటి గంట కొట్టారు. ఒక్కరూ కదల్లేదు. "ఇంకొక్క ఆట సార్!" అని రెండు జట్లూ కలిసి పెంకులు ఏరుతున్నాయి.

ఓబులేసు గురువుతో గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగి తల వంచుకున్నాడు.

"బాబా, ఇందాక నేను మిమ్మల్ని..."

బాబా అతన్ని వెనక్కి తిప్పి, చొక్కా మీది దుమ్ము తట్టాడు. అక్కడ బంతి అచ్చు గుండ్రంగా పడి ఉంది.

"దెబ్బ గట్టిగానే తగిలినట్టుందే!"

"అవును బాబా. మంచి గురి ఆ పిల్లది."

"ఆ మాట ఆ పిల్లకు చెప్పినావా?"

ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు. అంత గోలలోనూ రమణి ఒక్కతే బంతిని గుండెకు హత్తుకొని, బిక్కుబిక్కుమంటూ సారు వైపే చూస్తోంది.

అతను గురువుకు నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయి, పిల్లల మధ్యకు పరుగెత్తాడు.